మద్రాసుకు తోడు

సముద్రం పక్కన కాపురముంటున్న మనిషి సముద్రం చూడటానికి మద్రాసు పోతానంటే ఎవరైనా నవ్వుతారు. ఆ మనిషి నేను కాకపోయి ఉంటే నేనూ నవ్వేదాన్నే.

మాది వాకాడు దగ్గర. మా వీధి నుంచి తూపిలిపాళెం ఇసుకకు ఆటోలో పోతే ఎంతోసేపు పట్టదు. ఆదివారాలు గూడూరు నుంచీ నాయుడుపేట నుంచీ జనం కార్లలో వచ్చి, బిరియానీ పొట్లాలు విప్పుకొని, ఫోటోలు దిగి పోతుంటారు. వాళ్ళను ఎవరూ ఏమీ అడగరు. నేను పోయి కూర్చుంటే అడుగుతారు. మా ఆయన చనిపోయిన ఏడాది ఒక సాయంత్రం అలాగే పోయి కూర్చున్నాను. ఊరికే, గాలికి. దూరంగా వల బాగుచేసుకుంటున్న పెంచలయ్య నన్ను చూసి, వల అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా, ఒక్కదానివే వచ్చి కూర్చోనుండావు. లే, ఇంటికి పోదాం" అన్నాడు. నేనేం చెప్పినా వినకుండా తన మోపెడ్ ఎక్కించుకొని, మా ఇంటి ముందు కూడా కాదు, సరాసరి పాస్టరుగారి ఇంటి ముందు దించాడు. పాస్టరుగారి భార్య కాఫీ ఇచ్చి, ప్రాణం దేవుడిచ్చిన వరమని చాలాసేపు చెప్పింది. సముద్రం చూద్దామని వెళ్ళానమ్మా అంటే, నమ్మినట్టు తలూపింది. మొగుడు పోయిన ఆడది నీళ్ళ ముందు ఒంటరిగా కూర్చుంటే మా ఊళ్ళో దానికి ఒకే అర్థం. ఆ తరువాత నేను ఆ ఇసుక తొక్కలేదు.

మద్రాసు నాకు కొత్త కాదు. తడలో పుట్టినదాన్ని గనక అరవం బాగా వచ్చు. మా ఆయన సుశీల్ కుమార్ మాస్టారు జబ్బు పడినప్పుడు ఆస్పత్రిలో ఏ కిటికీ దగ్గర నిలబడాలో, ఏ డాక్టరు ఏ పూట వస్తాడో, ఏ పరీక్షకు పరగడుపున పోవాలో అన్నీ నేర్చుకున్నాను. ఆయన దక్కలేదు గానీ ఆ చదువు మిగిలింది. అప్పట్నుంచీ మా సంఘంలో ఎవరికి మద్రాసు ఆస్పత్రి పని పడినా, "పుష్పక్కను తోడు తీసుకపొండి" అనడం మామూలైపోయింది. నాకు పిల్లల్లేరు. వండిపెట్టాల్సిన మనిషి లేడు. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి తలుపుకు తాళం వేస్తే ప్రయాణం తయారు. రెబెక్కమ్మ మోకాళ్ళ ఆపరేషనుకు పోయాను. రెజీనా వాళ్ళమ్మకు కేన్సరైతే వారాల తరబడి ఆస్పత్రి వరండాలో చాప మీద పడుకున్నాను.

ఇన్నిసార్లు పోయి నేను చూసిన మద్రాసు ఏమిటంటే ఫినాయిలు వాసన, లిఫ్టు ముందు వరసలు, కాంటీన్లో నిలబడి మింగిన ఇడ్లీ. ఆటో ఆస్పత్రివైపు తిరిగే మలుపులో రెండు మేడల నడుమ సముద్రం ఒక్క క్షణం కనబడేది. అంతలో గోడ అడ్డమొచ్చేది. చూపిద్దామని పక్కకు తిరిగితే పక్కనున్నవాళ్ళు మూలుగుతూ ఉండేవాళ్ళు.

అందుకని ఈసారి ఎవరి జబ్బూ లేకుండా పోదామనుకున్నాను. లెంటు ఉపవాసాల రోజులు మొదలుకాకముందే, ఎండలు ముదరకముందే, రెండు రోజులు. మొదటి రోజు ఊరు. మెట్రో రైలెక్కి ఎక్కడా దిగే పని లేకుండా చివరిదాకా పోవాలి. పెద్ద మాల్‌లో ఏమీ కొనకుండా తిరగాలి. మంచి హోటల్లో కూర్చొని, అరిటాకులో తినాలి. రెండో రోజు సముద్రం. మెరీనా ఇసుకలో పొద్దుటినుంచీ సాయంత్రం దాకా, ఎవరూ వచ్చి లేపని చోట.

అయితే పక్కన మనిషి కావాలి. ఇందులో దాపరికమేముంది? ఏదైనా చూసినప్పుడు "అదుగో చూడు" అనడానికి ఒకరు లేకపోతే నాకు చూసినట్టుండదు. ఇంట్లో ఒంటరిగా ఉండటం అలవాటైంది. బయటకు పోయి కూడా ఒంటరిగా ఉండాలంటే మనసొప్పలేదు. చర్చివాళ్ళ గెస్ట్‌హౌస్‌కు ఫోన్ చేసి రెండు మంచాల గది చెప్పాను. తోడు దొరక్కముందే మంచం దొరికింది.

ముందు రెబెక్కమ్మను అడిగాను. "పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదే మరి. మన సముద్రంలో నీళ్ళు లేవా" అని నవ్వి, ఆది జాకెట్టు నా చేతిలో పెట్టి పోయింది. తరువాత రెజీనాను అడిగాను. నేను నిజంగా రావాలని కోరుకున్నది ఆమెనే. నాకంటే పదేళ్ళు చిన్నది, చర్చి క్వైర్‌లో నా పక్కనే నిలబడి పాడుతుంది, నవ్వితే ఎదుటి మనిషికి నవ్వొస్తుంది. వాళ్ళమ్మ పోయిన రోజుల్లో నా ఒళ్ళో తల పెట్టుకొని ఏడ్చిన పిల్ల.

"ఎవురికి బాగలేదక్కా?" అంది మొదట.

"అందరూ బాగుండారు. సరదాగా పోదామని."

"సరదాకా?" ఆ మాటను కొత్త రకం గుడ్డను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆయనకు వండేదెవరక్కా? శనివారం స్త్రీల కూడిక ఉండాది. ఇంకోసారి చూద్దాంలే."

ఇంకోసారి అంటే మా ఊళ్ళో మర్యాదగా వద్దనడం. నేనూ మర్యాదగానే సరేనన్నాను. ఇంటికొచ్చాక మాత్రం మిషను మీద కోపం చూపించి సూది విరగ్గొట్టుకున్నాను.

మా సంఘంలో ఎవరూ ప్రార్థన చేయించుకోకుండా ఊరు దాటరు. గూడూరుకు పెళ్ళిచూపులకు పోయినా పాస్టరుగారికి చెప్పే పోతారు. ఆ అలవాటు కొద్దీ నేనూ జడ్సన్ పాస్టరుగారికి, "మద్రాసు పోతున్నానండి, ప్రయాణం కోసం ప్రార్థన చేయండి" అన్నాను. ఆదివారం ఆరాధన చివర ఆయన లేచి, "మన సహోదరి పుష్పకుమారి గారు ఈ వారం మద్రాసు వెళ్తున్నారు" అన్నారు. అంతే. ఆపైన ఒక్క మాట చెప్పనక్కర్లేకపోయింది. చర్చి అంతా "అయ్యో ప్రభువా" అని ఒక్కసారి మూలిగింది. మా వాళ్ళు మద్రాసు పోయేది రెండిటికే, పెళ్ళి చీరలకూ పెద్ద జబ్బులకూ. నాకు పెళ్ళి ఈడు దాటిపోయింది. పాస్టరుగారు కళ్ళు మూసుకొని, వైద్యుల చేతుల్ని నీ చేతులుగా చేయమని దేవుణ్ణి అడుగుతున్నారు. ప్రార్థన మధ్యలో లేచి కాదండీ అనడం ఎట్లా?

ఆరాధన అయ్యాక చెప్పాను. "పాస్టరుగారూ, నాకు జబ్బేమీ లేదు. ఊరు చూసి, బీచ్ చూసి వద్దామని పోతున్నా."

ఆయన నా తలమీద చెయ్యి పెట్టి, "ధైర్యంగా ఉన్నావమ్మా. అలాగే ఉండాలి" అన్నారు.

ఆ మధ్యాహ్నం నుంచి మా ఇంటికి జనం. జాకెట్ల పని మీద తప్ప గడప తొక్కనివాళ్ళు బత్తాయిలు, బ్రెడ్డు, హార్లిక్స్ సీసాలు పట్టుకొని వచ్చారు. రెబెక్కమ్మ ఆపరేషను మోకాళ్ళతోనే మెట్లెక్కి వచ్చి, నేనిచ్చిన కుర్చీ వద్దని మంచం మీద నా పక్కనే కూర్చుంది. అందరికీ నిజమే చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. నమ్మకపోగా, చెప్పుకోలేని చోట జబ్బేమోనని గొంతు తగ్గించి మాట్లాడారు. ఒకామె, "నీకెందుకక్కా శ్రమ" అని కత్తెర పడని తన గుడ్డను మడిచి వెనక్కి తీసుకపోయింది. ఇంకో టైలరు దగ్గరికి పోతోందని నాకు తెలుసు. ఆమె నేను బతుకుతానని అనుకోవడం లేదు.

కోపం వచ్చిన మాట నిజమే. ఇల్లు నిండుగా ఉన్నందుకు సంతోషం వేసిన మాటా నిజమే. అన్నేళ్ళ తరువాత నా వంటింట్లో ఇంకొకరు టీ కాచారు.

సోమవారం రెజీనా కేరియరులో చేపల పులుసు తెచ్చింది. నాకు అన్నం కలిపి ముందు పెట్టి, "నేనొస్తుండానక్కా" అంది.

"యాడికి?"

"మద్రాసుకు. ఆయనకు చెప్పేసినా. నాలుగు రోజులు హోటల్లో తింటాడులే."

"రెజీనా, నా మాట విను. నాకేం జబ్బు లేదు. నేను ముందే చెప్పినా గదా, సరదాకి పోతుండానని."

"ఊరుకో అక్కా. మా అమ్మ కూడా అట్నే అనింది, కాస్త గ్యాసేనని." ఆమె కళ్ళు నిండిపోయాయి. "మా అమ్మకు నువ్వు చేసినావు. నీకు నేను చెయ్యకపోతే ఎవరు చేస్తారు?"

మళ్ళీ చెప్పాను. ఇంకోసారి కూడా చెప్పాను. ఆపైన ఊరుకున్నాను. చెప్పడం నా వంతు, నమ్మకపోవడం ఆమె వంతు అనుకున్నాను. అసలు సంగతి అది కాదు. నాకు ఆమె రావాలి. సరదాకి రమ్మంటే రాని మనిషి చావుకు తోడొస్తానంటోంది. రైలెక్కాక, ఊరు చూశాక, నిజం నిలకడ మీద తెలుస్తుందిలే, అప్పుడు ఇద్దరం నవ్వుకుంటాం అనుకున్నాను. రొట్టె విరిగి నేతిలో పడ్డదనే అనుకున్నాను.

గూడూరులో రైలెక్కేటప్పుడు చూస్తే రెజీనా చేతిలో ఎర్రటి ప్లాస్టిక్ బకెట్టు. అందులో మగ్గు, ఫ్లాస్కు, దుప్పటి, చిన్న దిండు. ఆస్పత్రిలో తోడుండేవాళ్ళు ఏమేం తెచ్చుకోవాలో ఆమెకు నేర్పింది నేనే. వద్దన్నా వినలేదు. సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కబోతే అక్కడి మనిషి ఆ బకెట్టును కూడా తనిఖీ మిషనులో పెట్టమన్నాడు. అది మెల్లగా రబ్బరు పట్టీ మీద లోపలికి పోతుంటే నాకు నవ్వాగలేదు. రెజీనా నవ్వలేదు. నా మోచెయ్యి పట్టుకొని నిలబడింది.

రైల్లో కిటికీ పక్క కూర్చున్నాం. ఊరంతా కింద పరుచుకొని ఉంది. డాబాల మీద ఆరేసిన బట్టలు, నీళ్ళ ట్యాంకులు, దూరంగా విమానం దిగడం. "అదుగో చూడు" అన్నాను. అనడానికి మనిషి ఉంది. రెజీనా చూడలేదు, నా ముఖం చూస్తోంది. ప్రతి స్టేషనులో, "ఇక్కడేనా అక్కా ఆస్పత్రి" అంటుంది. కాదంటే, "సరే, నీ మనసులో ఉండేవన్నీ చూసుకో" అంటుంది. మాల్‌లో కదిలే మెట్ల మీద నా నడుము చుట్టూ చెయ్యి వేసింది. హోటల్లో అరిటాకు ముందు కూర్చొని, తనది ముట్టకుండా నా ఆకులోకి అప్పడం, స్వీటూ వేసింది. నేను తింటుంటే పైట అంచుతో కళ్ళు తుడుచుకుంది. పక్క బల్లవాళ్ళు మమ్మల్నే చూశారు.

ఆ రోజంతా ఆమె నా చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, వద్దనిపించలేదు. కానీ సాయంత్రానికి నాకు అర్థమైంది, ఆమె కూర్చున్నది నా పక్కన కాదు. వాళ్ళమ్మ పక్కన కూర్చుంది. నేను ఏ జోకు వేసినా, దేన్ని చూపించినా, అది చనిపోబోయే మనిషి ఆశ కిందే జమ అవుతోంది. పక్కన మనిషి ఉండి కూడా అంత ఒంటరితనం ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి కొత్త చీర కట్టుకొని గెస్ట్‌హౌస్ భోజనాల గదికి దిగాను. పొంగలి, రెండు వడలు, చట్నీ పెట్టించుకున్నాను. వడ విరుస్తుండగా రెజీనా వచ్చి ఎదురుగా ఆగిపోయింది.

"అక్కా, తినేస్తుండావే. పరగడుపున పోవాల గదా."

ఆ పాఠమూ నాదే. వాళ్ళమ్మకు రక్తం తీయించేరోజు ఆమె బిస్కెట్టు ఇవ్వబోతే నేనే చేతిమీద కొట్టాను. నేను విరిచిన వడ తిన్నాను. కాఫీ తాగాను. రెజీనా కుర్చీ లాక్కొని మెల్లగా కూర్చుంది. ఎవరెన్ని చెప్పినా నమ్మని మనిషి, ఆ కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు నమ్మింది.

"నీకు నిజంగా ఏం లేదా అక్కా?"

"లేదు. సముద్రం చూసేదానికి వచ్చినా."

బల్లమీద తల పెట్టుకొని ఏడ్చింది. ఈసారి సంతోషంతో. "దేవునికి స్తోత్రం" అని పదిసార్లు అంది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. తరువాత లేచి మొహం కడుక్కొని, తనూ ఒక ప్లేటు పొంగలి ఆకలిగా తిని, మొగుడికి ఫోన్ చేసింది. "అక్కకు ఏం లేదంటయ్యా. కూర మటుకు తెప్పించి పెట్టు, సాయంత్రానికి వచ్చేస్తా."

"ఈ పూటకు ఉండు రెజీనా. ఇద్దరం సముద్రం చూసి పోదాం. దీని కోసమే నేను నిన్ను ముందుగాల అడిగింది."

"మన సముద్రమే గదక్కా. యాడ చూసినా అవే నీళ్ళు. హోటలు తిండికి ఆయనకు కడుపులో మంట, నీకు తెలుసు గదా." నా రెండు చేతులూ పట్టుకొని నవ్వింది, ఎదుటివాళ్ళకు కూడా నవ్వు తెప్పించే ఆ నవ్వే. "నువ్వు బాగుండావు, అంతే చాలు నాకు. ఇంక నాకు ఈడ పనేముంది?"

ఆమె మాటలో తప్పేమీ లేదు, అందుకే ఎక్కువ తగిలింది. నాకు జబ్బుంటే ఎన్ని రోజులైనా వరండాలో పడుకునేది. బాగున్నందుకు ఒక్క పూట దొరకలేదు.

స్టేషనుకు పోయి ఎక్కించాను. బండిలో జనం ఎక్కువగా ఉన్నారని బకెట్టు నా చేతికే ఇచ్చింది. "ఇది నువ్వు తెచ్చుకోక్కా" అంది కిటికీలోంచి.

మెరీనాలో ఇసుక చాలా వెడల్పు. నడిచి నడిచి నీళ్ళ దగ్గర కూర్చున్నాను. నా పక్కన బకెట్టు. గుర్రాల మీద పిల్లల్ని తిప్పుతున్నారు, గాలిపటాలు ఎగరేస్తున్నారు, కుటుంబాలకు కుటుంబాలే చీరలు తడుపుకొంటూ కేకలు వేస్తున్నారు. శనగల సుండల్ అమ్మే ఆమె దగ్గర పొట్లం కొన్నాను. అరవంలో నాలుగు మాటలు మాట్లాడదామనుకునేలోపే ఇంకొకరి దగ్గరికి పోయింది. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది. నేను మెల్లగా నీళ్ళ అంచుకు పోయి, మోకాళ్ళదాకా నిలబడి, తిరిగొచ్చి కూర్చున్నాను. అంతమందిలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. నేను కోరుకున్నది అదే. కోరుకున్నంతా దొరికింది.

ఆ పూట గదిలో రెండో మంచం మీద సంచీ, బకెట్టు పెట్టుకున్నాను.

మర్నాడు బండిలో గూడూరు, గూడూరు నుంచి బస్సులో వాకాడు. ఆటో అతను, "వీధిలోకి పోదామా అమ్మా" అన్నాడు. తలుపు తీసి మిషను మీది గుడ్డ తీయాలి. బత్తాయిలు తెచ్చినవాళ్ళకు ఇక రానవసరం లేదని రెజీనా ఈపాటికి చెప్పే ఉంటుంది. "తూపిలిపాళెం పోనీ" అన్నాను.

పొద్దు వెనకవైపు వాలింది. ఇసుకలో పెద్దగా ఎవరూ లేరు. సంచీ ఒక పక్క, బకెట్టు ఒక పక్క పెట్టుకొని కూర్చున్నాను. కాసేపటికి వెనక ఇసుకలో అడుగుల చప్పుడైంది, పరుగు లాంటి నడక. తిరిగి చూడకుండానే ఎవరో తెలిసింది.

"ఏందమ్మా, మద్రాసు ఆస్పత్రికి పోయినావంట." పెంచలయ్య ఆయాసపడుతున్నాడు. జుట్టు నెరిసింది, మనిషి మారలేదు. "డాక్టర్లేమన్నారు?"

"నేను డాక్టరు దగ్గరికి పోలా పెంచలయ్యా. సముద్రం చూసేదానికి పోయినా."

అతను నన్ను చూశాడు, సంచీని చూశాడు, సముద్రాన్ని చూశాడు. అతని ముఖంలో భయం ఇంకా పెరిగింది. "మరి ఈడెందుకు కూర్చోనుండావు?"

"ఊరికే."

"లే మా, ఇంటికి పోదాం. బండి ఉండాది."

"నువ్వు పో. నేను కాసేపుండి వస్తా."

అతను పోలేదు. పోడని నాకు తెలుసు. వెళ్ళడానికీ లేదు, నిలబడటానికీ లేదు, తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. నేను బకెట్టులోని సామాను ఇసుకలో పెట్టి, బకెట్టు బోర్లించి కొంచెం పక్కకు జరిపాను. చాలాసేపు తటపటాయించి దానిమీద కూర్చున్నాడు. నేనెక్కడ లేచి నీళ్ళవైపు నడుస్తానోనని నన్నే కనిపెట్టుకొని ఉన్నాడు.

దూరంగా ఒక పడవ కనబడింది.

"అదుగో, ఆ పడవ చూడు" అన్నాను.

చూశాడు. చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకొని బాగా చూశాడు. "అది మా బామ్మర్దిది" అన్నాడు.

నేను లేచేదాకా అతను లేవలేదు. నేనూ తొందరపడి లేవలేదు.